జమానతు

బాండ్ రాసిచ్చేది భారత రాష్ట్రపతికి.
హన్మకొండ కోర్టు గేటు పక్కన, గొడుగు కింద,
వంద రూపాయల స్టాంపు కాగితం మీద టైపు కొట్టించిన.
"అంటే, నేను రాష్ట్రపతికి బాకీ పడ్డట్టానోయ్?"
సంతకం పెట్టే ముందు నవ్విండు గుర్రం సదయ్య.
ఎనుమాములల ముప్పై ఏండ్ల మిర్చి దుకాణం,
తుమ్ముడు మరిచిపోయిన ముక్కు.

బాకీ కాదు కాకా, అన్న.
సరుకు సముద్రం దాటితే సుంకం లేదు,
దాటకుంటే ఉన్నది.
దాటుతదని మా సేటు మాటిస్తున్నడు,
ఆ మాటకు నువ్వు జమానతు.

"గంతేనా" అని
పెన్ను మూత పండ్లతోని గుంజి
ఏడు చోట్ల పెట్టిండు,
ప్రతిసారీ 'స' కాడ జరంత ఆగి.

మడికొండల మా ఫ్యాక్టరీ చిన్నది.
మిర్చిల నుంచి ఎరుపు పిండి డ్రమ్ములకు నింపుతం.
ఏ దేశంల ఏ పిల్లగాడు నమిలే చిప్సుకో
పరకాల చేన్ల రంగు.

డివిజన్ ఆఫీసు ఫైలు మూడుసార్లు మళ్ళగొట్టింది.
ఒకసారి జమానతుదారు ఆస్తి విలువ లేదని,
ఒకసారి ఉన్న విలువల సర్వే నంబరు తప్పని,
మూడోసారి ఎందుకో
నాకూ తెల్వదు, వాపసు పంపినోనికీ తెల్వదు.
'ఆమోదించడమైనది' అని ఊదా ముద్ర పడ్డనాడు
ఆఫీసు ముంగట బండి మీద నాలుగు మిర్చి బజ్జీలు తిన్న,
ఒక్కన్నే.

తర్వాత నా బతుకు ఒక రిజిస్టరు.
లారీ గేటు దాటిన దినం ఎడమ దిక్కు రాస్తా,
కట్టని సుంకం ఇంత అని.
కస్టమ్స్ ముద్ర పడి మద్రాసు నుంచి తెల్ల కాగితం వస్తే
కుడి దిక్కు రాస్తా.
ఈ నడుమ, ఆ బరువంతా సదయ్య మీద.
తూకం కాడ కుర్చీల కూసొని
ఏ హమాలీ ఎత్తనంత మోసిండు,
ఎన్నడూ నడుము పట్టుకోలే.

సీలు వెయ్యనీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ మొహంతి
ఒక్క డ్రమ్ముకు మూడు తుమ్ములు తుమ్ముతుండె.
లెక్క పెట్టి పోయి చెప్తే
సదయ్యకు కండ్ల నీళ్ళొచ్చేదాంక నవ్వు.

ఫిబ్రవరిల, సీజను నడుమ,
బస్తా మీద చెయ్యి పెట్టి ఘాటు చూసుకుంటనే
ఒరిగిపోయిండు.

బాండ్‌ల తొమ్మిదో షరతు:
జమానతుదారు మరణిస్తే ముప్పై దినాల్ల తెలుపవలెను.
ఆ లైను నేను దగ్గరుండి టైపు కొట్టించిందే.
అప్పుడు ఎడమ దిక్కు ఒక్క లారీ మిగిలున్నది,
లక్షా ఎనభై ఆరు వేల నాలుగు వందల ఇరవై.
ఓడ పోయింది. కాగితం రాలే.

పన్నెండో దినం దేశాయిపేటకు పోయిన,
ఫైలు టిఫిను సంచిల దాచుకొని.
కొమురమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చి
గోడకు ఒరిగి అడిగింది:
"ఆయన ఎవలకన్న బాకీ ఉన్నడా కొడుకా?
ఉంటే చెప్పు, గాజులమ్మైనా ఇచ్చేస్తం."

ఎట్ల చెప్పాలె?
రాష్ట్రపతికని చెప్పాల్నా?
సముద్రానికని చెప్పాల్నా?
"లేదమ్మ," అన్న.
అని, గలాసు కింద పెట్టి,
మున్సిపాలిటీ కాగితం ఒక నకలు కావాలె అన్న.
సరుకు పోయినట్టు రుజువు లేక
మనిషి పోయినట్టు రుజువు పట్టుకొని
సైకిలెక్కిన.

కొత్త బాండ్‌కు బ్యాంకు గ్యారంటీ దొరికింది.
బ్యాంకు ఏమడుగలే,
రాష్ట్రపతి పేరు చదివి నవ్వలే.

ఏప్రిల్ చివర్ల వచ్చింది తెల్ల కాగితం.
మడత కాడ తడిసి ఓడ పేరు చెరిగిపోయింది,
ముద్ర మాత్రం కనవడుతున్నది.
కుడి దిక్కు రాసిన,
లక్షా ఎనభై ఆరు వేల నాలుగు వందల ఇరవై.
కింద సున్న చుట్టి
రిమార్కుల గడి ఖాళీ ఇడిసిపెట్టిన.

ఆ మాపటికే మళ్ళ దేశాయిపేట పోయిన.
కొమురమ్మ గచ్చు మీద ఎండుమిర్చి తొడిమలు తీస్తున్నది.
"బాకీ ఏం లేదమ్మ," అన్న.
తలెత్తకుంటనే అన్నది:
"మొన్ననే చెప్పినవ్ కద."